ఫ్రీజర్ లేని ఫాస్ట్‌ఫుడ్



2023 జూలై నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టమాటా కిలో వంద దాటింది, నూటయాభై దాటింది, మదనపల్లె మార్కెట్లో మేలురకం ఇంకా పైకి పోయింది. ఇళ్లలో సర్దుకున్నాం. పప్పులోకి చింతపండు వచ్చింది, చారులోకి నిమ్మకాయ వచ్చింది. టమాటా పడకపోతే అది కూరే కాదనుకునేవాళ్లు కూడా బీరకాయతోనో సొరకాయతోనో రోజులు వెళ్లదీశారు. అసలు వింత ఢిల్లీలో జరిగింది. అక్కడి మెక్‌డొనాల్డ్స్ దుకాణాల్లో గోడకి నోటీసు అంటించారు. నాణ్యమైన టమాటాలు చాలినన్ని దొరకడం లేదు, కాబట్టి ప్రస్తుతానికి మా బర్గర్లలో టమాటా ఉండదు అని దాని సారాంశం. తర్వాత మరో ఒకటి రెండు కంపెనీలూ అదే దారి పట్టాయి.

పేపర్లు దాన్ని ధరల వార్తగా రాశాయి. ధరల వార్తే, కాదనను. కానీ జూలై, ఆగస్టు నెలల్లో టమాటా ధర ఎగరడం దాదాపు ఏటా ఉండే తంతే. వేసవి పంట అయిపోతూ, వానకాలపు పంట ఇంకా చేతికి రాని నడిమి రోజులవి. రైతుకి తెలుసు, తోపుడుబండి మీద కూరలమ్మే ఆమెకి తెలుసు. తెలియనిదల్లా దుకాణం నెత్తిన వెలిగే ఆ బర్గర్ బొమ్మకే. ఆ బొమ్మలో టమాటా చక్రం జనవరిలోనూ అదే ఎరుపు, జూలైలోనూ అదే ఎరుపు. ఫాస్ట్‌ఫుడ్ మనకిచ్చిన మాట అదే కదా: ఎప్పుడొచ్చినా ఇదే, ఎక్కడికెళ్లినా ఇదే.

ఆ మాట ఇవ్వకుండా ఫాస్ట్‌ఫుడ్ నడపొచ్చా? ఏ కాలంలో పండేది ఆ కాలంలోనే వండుతూ, మాంసం ముట్టకుండా, మూడు నాలుగు నిమిషాల్లో పొట్లం చేతికిచ్చే దుకాణాలు ఒకటి కాదు, పదీ పదిహేనూ నడపొచ్చా? అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఒకాయన ఈ పని పెట్టుకున్నాడు. ఆయన కంపెనీ పేరు క్లోవర్ ఫుడ్ ల్యాబ్. ఈ రోజు దాని కథ కొంత, దాని పక్కన మన టిఫిన్ హోటళ్ల సంగతి కొంత మాట్లాడుకుందాం.

ముందు ఒక బంగాళాదుంప కథ చెప్పాలి. అది వింటే తప్ప ఈయన చేసిన పనిలో తెగింపు ఎంతో తెలియదు.

మెక్‌డొనాల్డ్స్‌ని దేశమంతా వ్యాపింపజేసిన రే క్రాక్ 1955లో తన మొదటి దుకాణం తెరిచినప్పుడు, అక్కడ దుంపలు అక్కడే చెక్కు తీసి, అక్కడే కోసి, అక్కడే వేయించేవారు. ఐడహో రాష్ట్రంలో పండే రసెట్ బర్బాంక్ అనే రకం ఆయనకి ప్రాణం. పైన కరకర, లోపల మెత్తన. అయితే ఆ దుంప తవ్వేది శరత్కాలంలో. నేలమాళిగల్లో దాచుకున్న సరుకు మరుసటి వేసవి మొదలయ్యేసరికి అయిపోయేది. ఆపైన సుమారు మూడు నెలలపాటు కాలిఫోర్నియా తెల్ల దుంపలతో నెట్టుకు రావాలి. అవి అంత కరకరగా వేగవు. వేసవిలో వచ్చిన మనిషికి ఒక రుచి, చలికాలంలో వచ్చిన మనిషికి ఇంకో రుచి. ఊరూరా ఒకే రుచి అమ్ముతానన్నవాడికి ఇంతకన్నా తలనొప్పి ఏముంటుంది? ఐడహోలోనే జాక్ సింప్లాట్ అనే దుంపల వ్యాపారి, కోసి సగం వేయించిన ముక్కల్ని గడ్డకట్టించి అమ్మే విద్య అప్పటికే సాధించాడు. 1960ల నడుమ వాళ్లిద్దరికీ ఒప్పందం కుదిరింది. కాగితాలేమీ లేవు, చేతులు కలుపుకుని మాట ఇచ్చిపుచ్చుకున్నారని చెబుతారు. కొన్నేళ్లలో మెక్‌డొనాల్డ్స్ దుకాణాల్లో పచ్చి దుంప కనబడకుండా పోయింది.

అంటే ఆ దుకాణంలోకి ఫ్రీజర్ వచ్చింది వేగం కోసం మాత్రమే కాదు. ఏడాదిలో ఆ మూడు నెలల తేడాని తుడిచెయ్యడానికి వచ్చింది. ఆ తర్వాత పుట్టిన ఫాస్ట్‌ఫుడ్ కంపెనీల్లో చాలామటుకు ఈ పాఠమే చదివాయి.

అన్నట్టు, ఆ వేపుళ్లకి మనవాళ్లతో ఒక పేచీ కూడా ఉంది. మొదట్లో వాటిని పశువుల కొవ్వులో వేయించేవారు. 1990లో కంపెనీ మేం వంటనూనెకి మారామని ప్రకటించింది. శాకాహారులు నమ్మి తిన్నారు. తీరా చూస్తే దుంప ముక్కల్లోకి రుచి కోసం గోమాంసపు సారం వేస్తూనే ఉన్నారు. 2001లో అమెరికాలోని హిందువులూ ఇతర శాకాహారులూ కోర్టుకెక్కారు. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు హిందూ, శాకాహార తదితర సంస్థలకిచ్చి రాజీ పడింది. అమెరికాలో స్థిరపడ్డ మన పెద్దవాళ్లు కొందరు ఈనాటికీ వేపుళ్ల కౌంటర్ దగ్గర నిలబడి ‘ఏ నూనె, అందులో ఇంకేం వేగుతాయి’ అని అడగడం చూసి పిల్లలు విసుక్కుంటారు. పెద్దవాళ్ల తప్పేం లేదు.

ఇక క్లోవర్. పెట్టినాయన పేరు ఎయిర్ మ్యూర్. ఎమ్‌ఐటీలో పదార్థ విజ్ఞానం చదివాడు, హార్వర్డ్‌లో వ్యాపార విద్య చదివాడు, మెకిన్సీ అనే సలహాల కంపెనీలో ఉద్యోగం చేశాడు. వంటవాడు కాదు. విశేషమేమిటంటే మొదలుపెట్టేనాటికి శాకాహారి కూడా కాదు. ఆయన్ని పట్టుకున్నది భూతాపం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2006లో ఒక పెద్ద నివేదిక వేసింది. మనుషుల వల్ల వాతావరణంలో చేరే వేడి వాయువుల్లో 18 శాతం పశుపోషణ నుంచే వస్తున్నాయని అందులో లెక్క కట్టారు. తర్వాత అదే సంస్థ ఆ లెక్కని సవరించి 14.5 శాతం అన్నదనుకోండి. ఏదైనా అది చిన్న సంఖ్య కాదు. ఆ చర్చ వేడిగా సాగుతున్న రోజుల్లో, 2008 శరత్కాలంలో, మ్యూర్ ఎమ్‌ఐటీ ఆవరణ దగ్గర ఒక తెల్ల బండి నిలబెట్టాడు. మిరపకాయ బజ్జీల బండి కాస్త పెద్దదైతే ఎలా ఉంటుందో అలాంటిదే, కాకపోతే ఇంజను ఉంటుంది. 2010లో హార్వర్డ్ స్క్వేర్ దగ్గర మొదటి దుకాణం తెరిచాడు. అక్కణ్ణించి కేంబ్రిడ్జి, బోస్టన్, వాటి శివార్లు. మసాచుసెట్స్ దాటి పెద్దగా అడుగు పెట్టలేదు.

ఆయన పన్నిన ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. దుకాణం మీద ‘శాకాహారం’ అని పెద్దగా రాయలేదు. మాంసం మానండి అని గోడ మీద ఒక్క బోధ లేదు. భూమిని కాపాడండి అంటూ గిరాకీకి ఉపన్యాసం లేదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంటికెళ్లి మాంసం తినేవాళ్లే. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయనకి కావలసిందీ వాళ్లే. ఎప్పుడూ తినని మనిషి చేత మానిపించేదేముంది? తినేవాడికి ఓ పూట మాంసం సంగతి గుర్తు రాకుండా కడుపు నింపితే ఆ పూటకి లెక్క తేలినట్టే. ధర్మం పేరుతో కాక రుచి పేరుతో అమ్మడమన్నమాట. ఈ వివేకం మన ప్రకృతి ఆహారశాలలవాళ్లకి కొంత అబ్బితే బాగుండును. కొర్రన్నం పళ్లెంలో పెట్టేముందు మధుమేహం గురించి పావుగంట చెబితే ఎంతటి ఆకలైనా చల్లారుతుంది.

వాళ్ల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది శనగ వడల శాండ్‌విచ్. అరబ్బు దేశాల ఫలాఫెల్‌కి తమ్ముడు. కాబూలీ శనగలు నానబెట్టి, రుబ్బి, వేయించి, పీటా రొట్టె సంచిలా తెరిచి అందులో పెట్టి, పచ్చి కూరముక్కలు, ఊరబెట్టిన ముక్కలు, నువ్వుల ముద్ద వేసిస్తారు. గుంటూరులోనో రాజమండ్రిలోనో పెరిగి అక్కడికి చదువుకోడానికి వెళ్లిన పిల్లలకి మొదటి కొరుకులోనే చుట్టరికం తెలిసిపోతుంది, పచ్చిమిర్చి తక్కువైందన్న ఫిర్యాదుతో సహా. ఇంకోటి వంకాయ, ఉడికిన గుడ్డు కలిపి చేసేది. అక్కడి శాకాహారంలో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినని మనవాళ్లు అడిగి తీసుకోవాలి. నూనె మూకుడు గురించి మాత్రం అనుమానం అక్కర్లేదు, ఆ వంటింట్లోకి మాంసం అసలు రాదు. దుంప వేపుళ్లూ ఉంటాయి, రోజ్‌మేరీ ఆకు చల్లి. ఆ దుంపలు గడ్డకట్టించినవి కావు, దుకాణంలో కోసినవి. తమ దగ్గర ఫ్రీజర్లు లేవని ఆ కంపెనీ గర్వంగా చెప్పుకుంటూ వచ్చింది. క్రాక్, సింప్లాట్ చేతులు కలిపిన నలభై ఏళ్లకి ఒకాయన ఆ ఒప్పందాన్ని తిరగేశాడు.

మరి ఫ్రీజర్ లేకుండా ఆ దేశంలో, ఆ చలిలో ఎలా? మన దగ్గర ఏ నెలలోనైనా ఏదో ఒక ఆకు, ఏదో ఒక కాయ దొరుకుతుంది. న్యూ ఇంగ్లండ్ అనే ఆ ఈశాన్య ప్రాంతంలో అలా కాదు. అక్టోబరులో మంచు దెబ్బ తగిలిందంటే మళ్లీ వసంతం ముదిరేదాకా ఆరుబయట పొలంలో పెద్దగా పచ్చదనం ఉండదు. పండే నెలలు తక్కువ కాబట్టి ప్రతి పంటకీ ఒక పండగ హోదా. మే నెలలో హాడ్లీ అనే ఊరి ఆస్పరాగస్ వస్తుంది. అది మన శతావరి జాతి మొక్కే, కాకపోతే అక్కడ లేత కాడలు తింటారు. కనెక్టికట్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఆ పంట మీదే పేరొచ్చింది. జూన్ నడిమికల్లా అయిపోతుంది. ఆగస్టులో మొక్కజొన్న, టమాటా. సెప్టెంబరు నుంచి ఆపిల్. మంచు తగిలాక తీపెక్కే చిట్టి క్యాబేజీలు ఆ తర్వాత. వాటిని బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అంటారు, నిమ్మకాయంత ఉంటాయి. శరత్కాలంలో క్లోవర్‌లో వాటితో చేసే శాండ్‌విచ్ కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లున్నారు. ఇక చలికాలమంతా నిలవుండేవే: దుంపలు, క్యారెట్టు, ముల్లంగి జాతివి, క్యాబేజీ, గుమ్మడి. బటర్‌నట్ అని సొరకాయ ఆకారంలో ఉండే తీపి గుమ్మడి ఇప్పుడు మన సూపర్‌మార్కెట్లలోనూ కనబడుతోంది. అది పుట్టింది కూడా మసాచుసెట్స్‌లోనే. స్టో అనే ఊళ్లో 1940లలో చార్లెస్ లెగెట్ అనే ఆయన పెంచి తీసిన రకం. చలికాలం పొడుగునా చెడకుండా నిలవుండడమే దాని గొప్ప.

ఇన్ని మార్పులతో వేగం ఎలా సాధ్యం? ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో పనిచేసే కుర్రాడికి రోజుకో కొత్త వంటకం నేర్పడం కుదరదు. ఇక్కడే ఉంది కిటుకు. క్లోవర్ కాలంతో పాటు మార్చింది మొత్తం వంటకాన్ని కాదు, రొట్టె కడుపులో పెట్టేదాన్ని. పైన ఎప్పుడూ అదే పీటా రొట్టె. లోపల వేయించినదో కాల్చినదో ఒకటి, పచ్చిది ఒకటి, పుల్లగా ఊరబెట్టినది ఒకటి, తడిగా ఉండే ముద్ద ఒకటి. ఈ వరస మారదు. చెయ్యి తిరిగిన కుర్రాడికి మే నెలైనా డిసెంబరైనా చేతి కదలిక ఒకటే, ముందున్న గిన్నెల్లో సరుకు మాత్రం వేరు. అచ్చు మారకుండా కూరటం మారుతుంది. వారానికోసారి కొత్త వంటల మీద సమావేశం పెట్టేవారు. దానికి ఎవరైనా వచ్చి కూర్చుని, రుచి చూసి, బాగాలేదని మొహమ్మీదే చెప్పొచ్చు. వంటలు నిర్ణయించే గదిలోకి తినేవాణ్ణి రానిచ్చిన కంపెనీలు అరుదు.

అలాగని అంతా ‘స్థానికం’ అనుకోకండి. వాళ్ల పేరు నిలబెట్టిన ఆ కాబూలీ శనగ న్యూ ఇంగ్లండ్‌లో పండదు. అమెరికాలో అది ప్రధానంగా పండేది వాషింగ్టన్, ఐడహో, మోంటానాలలో, అంటే దేశానికి ఆ చివర. నువ్వులూ అక్కడివి కావు. ఎంతైనా గింజ దూరం నుంచి రావచ్చు, ఎండింది కాబట్టి చెడదు, ఓడలో వచ్చినా బండిలో వచ్చినా దానికి తొందర లేదు. కాయగూరకే తొందర. ఈ తేడా పాటించినందుకు నేను వాళ్లని తప్పుపట్టను. అన్నీ పక్క ఊరివే కావాలని పట్టుబట్టేవాళ్లు ముందు కాఫీ మానెయ్యాలి.

ఇబ్బందులూ వచ్చాయి. 2013 జూలైలో ఆ ప్రాంతంలో కొందరికి సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకితే, వాళ్లలో కొంతమంది క్లోవర్‌లో తిన్నవాళ్లని తేలింది. మ్యూర్ అన్ని దుకాణాలూ మూసి, తనిఖీలు చేయించి, ఏం జరిగిందో బయటికి చెబుతూ మళ్లీ తెరిచాడు. కూరలే కదా, భయమేముందనుకునేవాళ్లం కూడా మనలో ఉన్నాం. పచ్చిగా తినే ఆకూ కాయా కూడా కడగడంలో, నిలవలో జాగ్రత్త తప్పితే అంతే సంగతి. తర్వాత కోవిడ్ వచ్చింది. మధ్యాహ్నపు భోజనం మీద బతికే దుకాణాలకి, ఎదురుగా ఉన్న ఆఫీసులు ఖాళీ అయితే ఏముంటుంది? జనం ఇంటి నుంచే పనిచెయ్యడం అలవాటు చేసుకున్నాక ఆ గిరాకీ పూర్తిగా వెనక్కి రాలేదు. 2023 నవంబరులో, అప్పటికి పదిహేను దాకా దుకాణాలున్న క్లోవర్, అప్పుల నుంచి రక్షణ కోరుతూ దివాలా కోర్టుకి వెళ్లింది. ఒకటి రెండు దుకాణాలు మూసి, సర్దుకుని, 2024లో కోర్టు నుంచి బయటపడింది. ఆ సమయానికే పగ్గాలు మ్యూర్ చేతుల్లోంచి జూలియా రిన్ పైపర్ అనే ఆమెకి మారాయి.

అదే 2023లో అక్కడి పొలాల్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. దివాలాకి కారణం ఇదని కాదు, కాలాన్ని నమ్ముకోవడమంటే ఏమిటో తెలియడానికి. ఫిబ్రవరిలో ఒక్కసారిగా పడిన చలికి పీచ్ పళ్ల మొగ్గలు చెట్టు మీదే మాడిపోయాయి. మే నెలలో ఒక రాత్రి కురిసిన మంచుకి ఆపిల్ పిందె రాలింది. జూలైలో కనెక్టికట్ నది పొంగి ఒడ్డునున్న కూరగాయల పొలాల్ని ముంచింది. మన మదనపల్లెలో టమాటా కోసం లారీలు పోటీపడిన నెల, అక్కడ టమాటా నీళ్లలో కుళ్లిన నెల ఒకటే. ఫ్రీజర్ ఉన్నవాడికి ఇవి వార్తలు, లేనివాడికి రేపటి వంట.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

శాకాహార ఫాస్ట్‌ఫుడ్ మనకి అమెరికా నేర్పనక్కర్లేదు. బెంగళూరు జయనగర్‌లో ఆర్. ప్రభాకర్ అనే ఆయన 1983లో కెఫే దర్శిని పెట్టాడు. విదేశాల్లో ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలు చూసొచ్చి, ఆ పద్ధతిలోకి ఇడ్లీనీ దోసెనీ దించాడు. కుర్చీలు తీసేసి నడుమెత్తు బల్లలు వేశాడు. డబ్బు కట్టి చీటీ తీసుకోవడం, ఎవరి పళ్లెం వాళ్లే తెచ్చుకోవడం, వంటిల్లు అందరికీ కనబడటం. ఊరంతా దర్శినులు వెలిశాయి, అక్కణ్ణించి ఆ పద్ధతి అనంతపురం, హైదరాబాదు, విజయవాడ దాకా పాకింది. ఈనాడు మన బస్టాండుల పక్కన నిలబడి తినే ప్రతి టిఫిన్ సెంటరూ ఆ కుటుంబంలోదే. ఇడ్లీ పళ్లెం చేతికి రావడానికి పట్టే సమయంతో పోలిస్తే క్లోవర్ వాళ్ల మూడు నాలుగు నిమిషాలు నత్తనడకే.

స్థానికం సంగతి చూస్తే, కృష్ణా డెల్టాలో పొద్దున తినే ఇడ్లీ కన్నా స్థానికమైన ఫాస్ట్‌ఫుడ్ ప్రపంచంలో ఎక్కడుందో నాకు తెలియదు. తెనాలి, రేపల్లె చుట్టూ సార్వా వరి కోతకి రాబోతుండగానే ఆ చేలో మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి నేలలో మిగిలిన తడితోనే మినుము మొలకెత్తి, దున్నకుండా, పెద్దగా నీళ్లు పెట్టకుండా, ఫిబ్రవరి మార్చి నెలలకి చేతికొస్తుంది. కొన్ని చేలల్లో మినుముకి బదులు పెసర. అంటే ఇడ్లీలో బియ్యమూ పప్పూ ఒకే మడిలో, ఒకదాని మొదళ్లలో ఒకటి పెరిగినవి. ఆ పప్పు నేలకి నత్రజని ఇచ్చిపోతే మళ్లీ వరికి అది బలం. వంటకమూ పంటల వరసా ఇంత చక్కగా అతికిన చోట్లు ఎక్కువ ఉండవు.

ఇంతా ఉండి మన హోటళ్లలో కాలం మాత్రం కనబడదు. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, అల్లం చట్నీ. జనవరి ఒకటో తారీకున అవే, డిసెంబరు ముప్ఫయ్యొకటిన అవే. ఇంట్లో అలా ఉంటుందా? ఉగాది ముందు మామిడికాయ కొబ్బరి పచ్చడి, ఏప్రిల్‌లో చింతచిగురు పప్పు, వానలు పడ్డాక వాక్కాయ, ఆకాకరకాయ, వినాయక చవితి దాటాక వెలగపండు పెరుగుపచ్చడి, కార్తికంలో ఉసిరి, సంక్రాంతికి ముందు పచ్చి చింతకాయ తొక్కు, అనపకాయలు. ఇంట్లో క్యాలెండరు పచ్చడి గిన్నెలోనే ఉంటుంది. హోటలు గుమ్మం ఎక్కేసరికి అది మాయం. బండి మీద ముంజలు అమ్మేవాడు, రేగుపళ్లు అమ్మే ముసలమ్మ కాలాన్ని అమ్ముతున్నారు, పక్కనున్న హోటలు అమ్మడం లేదు. కారణం వెతకక్కర్లేదు. రేపే ఒక హోటలాయన పల్లీ చట్నీ మాని వాక్కాయ పచ్చడి పెడితే ఎదుటి హోటలు కళకళలాడుతుంది. జనానికి కావలసింది నిన్నటి రుచే.

క్లోవర్ కథలో మన హోటళ్లు తీసుకోదగ్గది నా మట్టుకు శనగ వడా కాదు, రోజ్‌మేరీ ఆకూ కాదు, ఆ అచ్చు, కూరటం లెక్క. మన దగ్గర అచ్చు తయారుగా ఉంది. ఇడ్లీ, దోసె, పెసరట్టు, ఉప్మా ముట్టుకోవద్దు. పల్లీ చట్నీని కూడా కదపొద్దు, అది లేకపోతే గొడవలవుతాయి. పక్కన రెండో గిన్నె ఒకటి పెట్టి, దానికి నెలనెలా పేరు మార్చితే చాలు. రుబ్బేవాడు అదే మనిషి, రుబ్బే యంత్రం అదే. ఈ మార్పుకి కొత్త పెట్టుబడి అక్కర్లేదు, మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లే మనిషి అక్కర. హోల్‌సేల్ వ్యాపారి వ్యానులో దింపిపోయే సరుకుతో కాలం రాదు.

ఒక హద్దు మాత్రం ఉంది. చింతచిగురు తోటల్లో పండించేది కాదు. రోడ్ల పక్క చెట్లెక్కి, చిటారు కొమ్మలు వంచి, ఆడవాళ్లూ పిల్లలూ కోసి తెచ్చేది. ఒక హోటలు కొంటే ఓ నాలుగు కుటుంబాలకి రెండు నెలలు పని. రెండు రాష్ట్రాల్లో రెండు వందల దుకాణాలున్న కంపెనీ రోజూ టన్నులు కావాలంటే ఆ చెట్లకి చిగురూ మిగలదు, తర్వాత కాయా మిగలదు. అప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? చిగురుని ఎండబెట్టి పొడి చేసో, ఫ్రీజర్లో పెట్టో, ఆగస్టులో అమ్ముతుంది. కథ మళ్లీ ఐడహో దుంప దగ్గరికే చేరుతుంది. కాబట్టి కాలాన్ని వండే కంపెనీ ఎంత పెరగాలో దాని బ్యాంకు ఖాతా తేల్చదు, చుట్టూ ఉన్న పొలాలు తేలుస్తాయి. క్లోవర్ పదిహేనేళ్లలో పదిహేను దుకాణాల దగ్గరే ఉండిపోవడాన్ని వ్యాపార పత్రికలు వైఫల్యం అంటాయేమో. పొలాలకి కొన్ని గంటల దూరంలోనే ఉంటానన్నవాడు అంతకన్నా ఎక్కడికి పోతాడు? గుంటూరు, తెనాలి, విజయవాడల మధ్య ఓ పది దుకాణాలుంటే చాలదా? రాయలసీమకి రాయలసీమదే ఒకటి, కరీంనగర్, వరంగల్ వైపు మక్క గటక, జొన్న రొట్టె మీద నడిచేది ఇంకొకటి ఉండొచ్చు.

కాలానికి గిరాకీ ఉండదనేవాళ్లకి బెంగళూరులోనే జవాబుంది. అక్కడ వి.వి.పురంలో వాసవి కాండిమెంట్స్ వాళ్లు ఏటా జనవరి ప్రాంతంలో అవరెబేళె మేళా పెడతారు. అవరెకాయ అంటే మన అనపకాయే. మాగడి, కోలారు, చింతామణి వైపు నుంచి బస్తాలు దిగుతాయి. అనప గింజల దోసె, అనప గింజల ఉప్మా, వడ, చివరికి జామూన్, జిలేబీ కూడా. జనం ఎక్కువై మేళా వీధిలో పట్టక మైదానానికి మారాల్సి వచ్చింది. ఇది మన చిత్తూరు జిల్లావాళ్లకి చెప్పనక్కర్లేదు. గింజలు నానబెట్టి, వేళ్ల మధ్య ఒత్తి, తొక్క జారవిడిచి చేసే పితికిపప్పు సంక్రాంతి రోజుల్లో అక్కడ ఇంటింటా ఉంటుంది.

అందులో ఉన్న కష్టం కూడా వాళ్లకే తెలుసు. పితకడానికి యంత్రం కన్నా వేళ్లే నయం. గిన్నెడు పప్పుకి ఇంటిల్లిపాదీ పొద్దంతా కూర్చోవాలి. అందుకే బెంగళూరు బజార్లలో పితికిన పప్పు ధర కాయల ధరకన్నా ఎంతో ఎక్కువ పలుకుతుంది, ఆ తేడాలో పితికిన ఆడవాళ్ల కూలి కూడా ఉంది. దోసె రేటులో అది కలపక తప్పదు. కలిపి అమ్ముతున్నా, మేళా జరిగినన్ని రోజులూ జనం వరసలో నిలబడి తింటూనే ఉన్నారు.